ఎవరింటి పువ్వు?

పాపసంకీర్తనంలో ఈ ఒక్క పాపం ఒప్పుకోకుండానే లేచి వచ్చేశాను, ఫాదర్. అందుకే రాస్తున్నాను.

మా క్లోన్స్ ఊళ్లో లేసు అల్లే ప్రతి ఇంటికీ తనదైన అల్లిక పువ్వుంటుంది. పొరుగువాళ్లొస్తే, చూసి అల్లేస్తారని ఒడిలో దాచేస్తాం.

నిన్న డబ్లిన్‌లో నా కూతురు బ్రోనా తయారుచేసిన గౌన్ల ప్రదర్శన. అన్నిటి మీదా ఒకే పువ్వు.

వెనక వరుసలోంచి నా ఈడు ఆవిడ లేచింది. "ఈ పువ్వు ఎవరింటిదమ్మా?"

బ్రోనా నవ్వింది. "మా అమ్మమ్మదండీ! చెప్పవే అమ్మా, సిగ్గుపడింది చాలు."

"అవును, మాదే," అన్నాను.

"పొరబడ్డాను తల్లీ," అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

మఠంలో సిస్టర్లు నెలల పిల్ల బ్రోనాను పెంచుకోమని నా చేతుల్లో పెట్టినప్పుడు, తన టోపీకి ఆ పువ్వుంది. మా అమ్మ అల్లిందని చెప్పి పెంచాను.

ఈ కాగితం దాచండి, ఫాదర్. నా బిడ్డకు మాత్రం చూపకండి.