కొలను లోతు

చరిత్ర తరగతి పిల్లలు అమెరికా దక్షిణాదిలోని మా ఊరి పార్కులో ఒకప్పుడున్న ఈతకొలనుకు నమూనా చేస్తున్నారు. నల్లవాళ్లనూ దిగనివ్వాలని ముప్పై ఏళ్ల కిందట, 1963లో కోర్టు తీర్పు చెబితే, ఊరు ఆ కొలనునే పూడ్చేసింది. బడిలో వడ్రంగం నేర్పే నేను పిల్లలకు చెక్కలు కోసిస్తున్నాను.

"లోతు ఎంత పెట్టాలో తెలియట్లేదు హార్లన్ గారూ," అంది జట్టు పెద్ద యొలాండా. "మా అమ్మనడిగితే, 'నన్ను దిగనిస్తే కదే తెలిసేది, కంచె ఎత్తెంతో అడుగు, చెబుతా' అంటోంది. పూడ్చినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరట. దానంతటదే పూడుకుందేమో మరి."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. పూడ్చినవాళ్ల మాట లేకుండా ప్రదర్శనకు పంపనని టీచరు చెప్పేసింది. గడువు శుక్రవారం.

"ఈ చివర మూడడుగులు, ఆ చివర పది," అన్నాను.

"భలే గుర్తుందే. బాగా ఈదేవారా?"

అవునంటే అక్కడితో సరిపోయేది.

"నాకు ఈత రాదమ్మా. నలభై ఆరు లారీల మట్టి పట్టింది. తోలింది నేనే."

ఆమె పెన్సిలు ఆగిపోయింది.

"కంచె దగ్గర ఎవరైనా ఉండేవారా?" అని అడిగింది చివరికి.

"ఒక చిన్నపిల్ల, భుజాన తువ్వాలుతో. మట్టి తోలిన మూడు రోజులూ వచ్చింది. నేను లారీ ఆపలేదు."

"రేపు అమ్మను తీసుకొస్తాను. ఈ మాట నాకు కాదు, ఆమెకు చెప్పండి."

నేను రంపం అందుకున్నాను. కోయడానికి చెక్కేమీ మిగల్లేదు.