రెండో వేలు

గౌరయ్య సైన్యంలో ఉండగా మంచుకొండల్లో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. మెడికల్ బోర్డు కాగితంలో ఒకటే రాశారు. ఒక వేలికి పదిహేను శాతం వేశారు. పింఛను రావాలంటే ఇరవై ఉండాలి.

ఆఫీసుకు వెళ్లి చెయ్యి చూపించాడు. చెయ్యి కాదు, కాగితం కావాలన్నారు.

ఐదేళ్లు అర్జీలు పెట్టాడు. ఈలోపు మిర్యాలగూడ రైస్‌మిల్లులో పని పోయింది. బస్తా మూతి కుట్టడం ఆ చేతికి రాలేదు. గొర్రెలు అమ్మేశారు. 2008లో ఉత్తరం వచ్చింది. చెయ్యి కనబడేలా ఫొటో పంపాలి, దాన్ని చూసి తేలుస్తాం, ఆ తర్వాత అర్జీలు తీసుకోం. అది వాళ్ల ఊరు చివ్వెంల చేరేసరికి ఫొటో పోస్టు చెయ్యడానికి గడువు రెండు రోజులే ఉంది.

భార్య కమల అతని చొక్కాకు పతకాలు గుచ్చింది. మర్నాడు ఇద్దరూ సూర్యాపేట బస్సెక్కారు.

స్టూడియో మహేశ్వర్‌కు పెళ్లి ఆల్బమ్‌లలో పేరుంది.

"ఏం ఫొటో అన్నా?"

"మిలిటరీ ఆఫీసుకు పంపాలె. చెయ్యి మంచిగ కనవడాలె."

పింఛను సంగతి చెప్పలేదు. చెప్పడం అతనికి నామోషీ.

"రంది వెట్టుకోకు. కండ్లు మూసిన పెండ్లికొడుకులు గూడ నా కంప్యూటర్‌ల కండ్లు తెరుస్తరు."

"గీయనది అసలే నిద్రమొకం. జర సూసి తియ్యి తమ్మీ," అంది కమల.

గౌరయ్య కుడిచెయ్యి గుండెకు ఆనించి నిలబడ్డాడు. మహేశ్వర్ ఆ చేతిని అప్పుడే చూశాడు. నవ్వడం మానేశాడు.

"బార్డర్‌లనా అన్నా?"

"ఆఁ."

ఫొటో తీశాక కరెంటు పోయింది. గౌరయ్య రేపటి గడువు గురించి చెప్పాడు.

"కవరు ఇచ్చి పోండ్రి. పొద్దున ప్రింటు తీసి నేనే రిజిస్టర్ పోస్టు చేస్త," అన్నాడు మహేశ్వర్. డబ్బులిస్తే తీసుకోలేదు. "నీ దగ్గర తీసుకుంటనా అన్నా?"

తిరుగు బస్సులో కమల, "మంచోడు దొరికిండు," అంది.

మూడు నెలలకు జవాబొచ్చింది. హిందీలో ఉంది. గౌరయ్య గుమ్మంలో నిలబడి రెండుసార్లు చదివాడు.

"ఏమన్నరు?" అంది కమల.

"ఖతం. ఇగ రాయొద్దన్నరు."

"ఎందుకట?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఫొటోల నా కుడిచేతికి అయిదు వేళ్లూ సక్కగ ఉన్నయంట."