పదకొండు అడుగులు

ఆఖరి రీలులో పదకొండు అడుగుల ఫిల్ము మళ్లీ మాయమైంది.

వారంలో ఇది మూడోసారి. శనివారం తాంపెరె పట్నంలో మొదటి ఆట. డైరెక్టర్ సల్మేలా బల్ల మీద గుద్దాడు. కాఫీ ఒలికింది.

"అంతర్యుద్ధం ముగిసి ఐదేళ్లయింది. ఎర్రసేన వాళ్లకీ తెల్లసేన వాళ్లకీ ఒకేసారి ఒళ్లు మండేలా సినిమా తీసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఎవడు కోస్తున్నాడు హిల్యా?"

ఫిల్ము ముక్కలు అతికించే హిల్యా బల్ల తుడుస్తూ, "నాకేం తెలుసు డైరెక్టర్ గారూ," అంది.

చెరో సేనలో పోరాడిన అన్నదమ్ముల కథ అది. చివర్లో తెల్లసేన నుంచి తిరిగొచ్చిన అన్న తల్లి కాళ్ల మీద పడి ఏడవాలి. ఆ వేషం వేసింది హిల్యా అన్న ఐనర్. అతను నిజంగానే తెల్లసేనలో పనిచేసినవాడు.

"పధ్నాలుగుసార్లు తీశాం. మీ అన్న కంట్లో ఒక్క చుక్క రాలేదు. విసుగెత్తి, 'ఇది మూకీ, ఫిల్ము మీద గొంతు పడదు కదయ్యా, మనసులో ఏముంటే అది వాగు' అన్నాను. ఆ మెషీన్ల రొదలో ఏం వాగాడో ఎవరికీ వినపడలేదు గానీ, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ముక్క లేకపోతే నా సినిమా గంగలో కలిసినట్టే."

హిల్యా ఒలికిన కాఫీ తుడుస్తూనే ఉంది.

"రేపు ఇంకో ప్రింటు వస్తోంది. ఈసారి ఈ గది తాళం నా జేబులోనే."

హిల్యా చెయ్యి ఆగింది.

"శనివారం మా అమ్మకు ముందు వరస టికెట్ ఇచ్చారు మీరు."

"కొడుకు నటన చూసి మురిసిపోనీ."

"ఎర్రసేనలో చేరిన మా తమ్ముడు తౌనో రష్యా పారిపోయాడని అమ్మ నమ్మకం. ఐదేళ్లుగా వాడి పళ్లెం భోజనాల బల్ల మీద పెడుతూనే ఉంది."

"దానికీ నా ఫిల్ముకీ ఏం సంబంధం తల్లీ?"

హిల్యా జేబులోంచి చుట్టలు చుట్టుకున్న మూడు ఫిల్ము ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది.

సల్మేలా నోరు తెరిచాడు. "నువ్వా? సొంత అన్న ఏడిస్తే నీకేం పోయేకాలం?"

"అమ్మకు పుట్టుచెవుడు డైరెక్టర్ గారూ. పెదవులు చూసి మాట చదువుతుంది. నాకూ నేర్పింది."

"అయితే? ఏమన్నాడు వాడు?"

హిల్యా తలుపు మూసి, అన్న మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"'అమ్మా, తౌనో రష్యా పోలేదే, ఇసుక గోతి దగ్గర వాణ్ణి కాల్చింది నేనే.'"