నల్లకాకి అసలు పేరు

“ఆగు కాకీ! నీకు అరవై దాటింది. కాసేపు కర్ర దించు.”

జుపార్ గబగబా అక్షరాలు కొట్టి పంపింది. జవాబు రావడానికి అరనిమిషం పట్టింది. నల్లకాకి ఎప్పుడూ అంతే, ఒక్క వేలితో కొడతాడు కాబోలు.

“దించను. అరవై పిచ్చికి ఈ కోట తలుపు విరగదు.”

కంప్యూటర్ తెర మీద నల్లకాకి మళ్ళీ కర్ర ఎత్తాడు. ఆ ఆటలో అతనిది చీకటి మంత్రగాళ్ళ తెగ. వాళ్ళ బలమంతా పిచ్చిలోనే ఉంది. ఒక్కో మంత్రానికి తల పక్కనున్న పిచ్చి అంకె పెరుగుతుంది, అంకె పెరిగేకొద్దీ మంత్రం పదునెక్కుతుంది. నూరు నిండితే మాత్రం మంత్రగాడు శాశ్వతంగా చెరిగిపోతాడు. తోటి ఆటగాడెవరైనా అతని అసలు పేరు పెట్టి నోరారా పిలిస్తేనే అంకె సున్నాకు దిగుతుంది. జుపార్ ఆడేది వైద్యురాలి వేషం, పేరు గువ్వ. గువ్వ గాయాలు మాన్పగలదు గానీ పిచ్చిని మాన్పలేదు.

ఈ గుంపు ఆమె భర్త ఒల్జాస్‌ది. పదకొండు నెలల కిందట గనిలోకి దిగిన ఒల్జాస్ మళ్ళీ ప్రాణాలతో పైకి రాలేదు. పోయిన నలభయ్యో రోజు భోజనాలు అయ్యాక, ఈ కంప్యూటర్ పెట్టెలో గంటలకొద్దీ ఏం చూసేవాడో చూద్దామని జుపార్ కూర్చుంది. పాతవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుని చివరికి ఇద్దరే మిగిలారు. నల్లకాకి ఒల్జాస్‌కు స్నేహితుడై ఉంటాడు. అడిగితే “వాణ్ణి బాగా ఎరుగుదును” అన్నాడు, అంతే.

ఇంట్లో ఉండేది ఆమె, మామగారు. వాళ్ళలో కోడలు మామ పేరు పలకడం పెద్ద తప్పు, జుపార్ ఒక్కసారీ పలకలేదు. కొడుకును మట్టి చేసిన రోజు నుంచి ఆయన నోట మాట లేదు. టీ గిన్నె అందిస్తే పుచ్చుకుంటారు, తల ఎత్తరు. మధ్యాహ్నం తిండి కాగానే టోపీ పెట్టుకుని ఎటో వెళ్ళిపోతారు. ఆయన తిరిగొచ్చే లోపలే జుపార్ ఆట.

ఫోను మోగింది. అల్మాతీ నగరం నుంచి అన్న దౌరెన్.

“శనివారం బండి తెస్తున్నా. వస్తావో రావో ఇవాళ తేల్చు. ఇక్కడ చూసిపెట్టిన కుట్టుపని నీ కోసం ఎన్నాళ్ళు అట్టేపెడతారే?”

“మామగారు ఏమీ అనలేదన్నయ్యా.”

“నువ్వు అడిగావా?”

“నేనెలా అడుగుతాను! ఆయనే వెళ్ళమనాలి.”

“ఆ మనిషి మాట్లాడితే కదా! గోడనడిగినా నయం. నీకు ముప్ఫై నిండలేదు. ఆ బొగ్గుమసిలోనే ముసలిదానివైపోతావా?”

సాయంత్రం చెబుతానని పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని, ఉన్నదంతా కాకికే రాసింది. ఆమె గోడు వినేవాడు ఊరూ పేరూ తెలియని ఆ ఒక్కడే.

“వెళ్ళు,” అన్నాడు కాకి.

“నీకేం, ఎన్నైనా చెబుతావ్. ఆయన దీవించకుండా గడప ఎలా దాటను? అయినా ఆ మొండి ముసలాయనకు నూనెలో బౌర్సాక్ రొట్టెలు ఎవరు వేయిస్తారు?”

“రొట్టె కొనుక్కుని తింటాడు. చావడులే.”

“ఛీ, ఏం నోరది!”

“ముసలాడిది మొండితనం కాదు. కొడుకును గనిలో పెట్టించింది తనే కదా. ఏ మొహం పెట్టుకుని నీతో మాట్లాడతాడు?”

ఆ సంగతి ఊరంతా ఎరిగిందే. కానీ ఆమెతో పైకి అన్నవాళ్ళు ఇన్నాళ్ళూ ఒక్కరూ లేరు.

ఇంతలో కోట తలుపు విరిగింది. లోపలి నుంచి ఎముకల తోడేలు దూకి నేరుగా గువ్వ మీద పడింది. కాకి అడ్డం వచ్చాడు. మంత్రం మీద మంత్రం వేస్తున్నాడు. అంకె ఎనభై దాటింది, ఎనభై ఎనిమిదయింది.

“చాలు! నీ అసలు పేరు చెప్పు, పిలుస్తాను.”

“వద్దు.”

“బెట్టు చేయకు, మొద్దూ!”

“నువ్వు పిలవలేవు.”

“ఏం, నాకు నోరు లేదా?”

“ఉంది. అయినా పిలవలేవు. కాకి పోతే పోనీ.”

తొంభై మూడు. జుపార్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఒల్జాస్ గుంపులో ఆఖరివాడు ఇతను. ఇతనూ పోతే, ఆమెను ఏమ్మా ఎలా ఉన్నావని అడిగే దిక్కు ఉండదు. ఒకరిని, పిలిచినా వినపడని లోతులో పోగొట్టుకుంది. ఇంకొకరిని కళ్ళెదుట పోనిచ్చే ఓపిక ఆమెకు లేదు.

“నువ్వు పేరు చెప్పకపోతే నేను శనివారం బండి ఎక్కను. ఈ ఇంట్లోనే ఉండిపోతాను. ఒట్టు!”

తోడేలు కరుస్తూనే ఉంది. తొంభై ఆరు.

అప్పుడు ఒక్కో అక్షరమే వచ్చింది.

“నీ దారి తెల్లగా ఉండాలి తల్లీ. వెనక్కి చూడకుండా వెళ్ళు.”

అది ప్రయాణమయ్యేవాళ్ళకు ఇంటి పెద్దలు ఇచ్చే దీవెన. కాకి ఆమెను ఎన్నడూ తల్లీ అనలేదు. ఆ మాటల కింద అతని పేరు పడింది.

జుపార్ చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది. భుజాల మీదికి జారిన రుమాలును తల మీదికి లాక్కుని, కుర్చీలోంచి లేచి నిలబడింది. తొంభై ఎనిమిది. మైకు మీట నొక్కింది. తొంభై తొమ్మిది.

కళ్ళు మూసుకుని, మామగారిని పేరుపెట్టి పిలిచింది.