పాదం వదలని లక్ష్మీపతి

"పాదం వదిలి నేను రానప్పా," అన్నాడు లక్ష్మీపతి, కుర్చీ వెనక్కి జరుపుకొని.

పుంగనూరు కంటాసుపత్రిలో టోకెన్లు ఇచ్చే గుమాస్తా ఆయన. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. ఎదురుగా నిలబడ్డది ఎబినేజర్. ఆసుపత్రి ట్రస్టు కంప్యూటర్లన్నిటిలో విండోస్ తీసేసి కొత్తగా లైనక్స్ ఎక్కించిన ఇంజనీరు. పొద్దున బస్సుకు కుప్పం నుంచి వచ్చాడు.

ట్రస్టుకు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మూడు ఆసుపత్రులున్నాయి. లోపలికి పోవాల్సిన రోగి నంబరు స్క్రీన్ కింది పట్టీలో ఎప్పుడూ కనబడుతూ ఉండేలా ఎబినేజర్ ఒక చిన్న గడి తయారుచేశాడు. మదనపల్లెలో అది చక్కగా పనిచేస్తోంది. కుప్పంలోనూ అంతే. పుంగనూరులో మాత్రం కనబడనే లేదు. సోమవారం పదిగంటలకు చైర్మన్ జయరత్నంగారు ఇక్కడికే వచ్చి చూస్తానన్నారు. మూడుచోట్లా పనిచేస్తే ఎబినేజర్ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే పాత విండోస్ తిరిగొస్తుంది, అతను ఇంటికి పోతాడు. ఇవాళ బుధవారం.

జబ్బేమిటో కనిపెట్టడానికి అతనికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మిషన్ తెరవగానే రెండు బొమ్మలు వస్తాయి. ఒకటి పళ్ళచక్రం, ఒకటి పాదం. ఏది నొక్కితే ఆ డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది, ఆ బొమ్మ స్క్రీన్ మూలన ఉండిపోతుంది. చక్రమంటే కేడీఈ, పాదమంటే గ్నోమ్. రెండూ లైనక్సే అయినా, వేరు కాపురం పెట్టిన తోడికోడళ్ళ లాంటివి. దీని గిన్నె దాని పొయ్యి మీద కూర్చోదు. ఎబినేజర్ గడి చక్రం పట్టీకని రాసింది. తక్కిన రెండు ఊళ్ళలో అందరూ చక్రమే నొక్కుతారు. లక్ష్మీపతి ఒక్కడే పాదం.

"యాల సార్? చక్రం నొక్కితే ఏమైతాది?" అని అడిగాడు ఎబినేజర్.

"కొండెక్కేటోడు అలిపిరిలో పాదాల మండపం కాడ దండం పెట్టకుండా మెట్టెక్కతాడా? నువ్వీ మిషన్ పెట్టిన దినమే నాకు తెర మీద పాదం కనబడె. ఆ పొద్దు నుంచి దానికి మొక్కకుండా ఒక్క టోకెను ఇచ్చింది లేదు."

నిజమే. స్క్రీన్ మూల, పాదం బొమ్మ వచ్చే చోట, కుంకుమ బొట్టు ఎండి గట్టిపడి ఉంది. ఎబినేజర్‌కు నవ్వు రాలేదు. వాళ్ళమ్మ వరమ్మ కూడా బైబిలు ముట్టకుండా పొయ్యి ముట్టించదు.

"అది గ్నోమ్ వాళ్ళు పెట్టుకొన్న గుర్తు సార్. స్వామిది కాదు."

"ఎవురు పెట్టినా పాదం పాదమే గదప్పా."

ఎబినేజర్ బ్యాగు భుజాన వేసుకొన్నాడు.

"సరే సార్. మీరు పాదంలోనే ఉండండి. నా గడినే పాదానికి తెస్తాను. మనిషిని మార్చేదానికంటే ప్రోగ్రాం మార్చేది సులువు."

"నాలుగు దినాల్లో అయితాదా?"

"రాసింది నేనే గదా సార్. నాకు కాక ఇంకెవురికైతాది?"

పోతూ పోతూ ఆ మిషన్లో ఉన్న చక్రం గడిని ఆనవాలు లేకుండా తుడిచేశాడు. పాతది కొత్తదానికి అడ్డం రాకూడదు.

లక్ష్మీపతి బస్టాండు దాకా వెంట వచ్చాడు. "నీ ఉద్యోగం దీని మీదనే ఉండాదంట గదా, నిజమేనా?" అన్నాడు మెల్లగా.

"అది నేను సూసుకొంటా సార్. మీరు నిమ్మళంగా ఉండండి," అని ఎబినేజర్ బస్సెక్కాడు.

గురువారం, శుక్రవారం పాదం పట్టీ తీరు అర్థం చేసుకోవడానికే సరిపోయాయి. శనివారం సగం కుదిరింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి తక్కింది ముగించాడు. గడి పాదం పట్టీలో అతికినట్టు కూర్చుంది. తన పనితనానికి తనకే ముచ్చటేసింది. సీడీ మీద ఆ ఒక్కదాన్నే ఎక్కించాడు. పాతదాన్ని కూడా వెంటబెట్టుకుపోతే పిరికితనం అవుతుందనిపించింది.

సోమవారం తొమ్మిదిన్నరకు పుంగనూరులో దిగాడు. హాల్లో రోగులు బెంచీల నిండా ఉన్నారు. చైర్మన్‌గారి కారు మదనపల్లెలో బయల్దేరిందని అప్పుడే ఫోనొచ్చింది. లక్ష్మీపతి ఉతికిన పంచె కట్టి, నామం పెట్టుకొని, పెళ్ళికొచ్చినవాడిలా కూర్చున్నాడు. స్క్రీన్ మూల కుంకుమ లేదు. చైర్మన్ వస్తున్నారని తుడిచి ఉంటాడనుకొన్నాడు ఎబినేజర్.

"లెయ్యండి సార్, ఐదు నిమిషాల పని. ఇప్పుడు సూడండి తమాషా."

సీడీ తిరిగింది, ఆగింది. గ్నోమ్ పట్టీ దొరకలేదు అంది మిషన్. ఎబినేజర్ మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే మాట. అప్పుడు చూశాడు, స్క్రీన్ మూల పాదం ఉండాల్సిన చోట పళ్ళచక్రం ఉంది. బయటికొచ్చి మిషన్ మళ్ళీ తెరిచాడు. రెండు బొమ్మలు రావాల్సిన చోట ఒక్కటే వచ్చింది.

"పాదం యాడ సార్?" అని లక్ష్మీపతి వైపు తిరిగాడు.

లక్ష్మీపతి తృప్తిగా అతని భుజం తట్టాడు.

"నా మూలంగా నీ ఉద్యోగం పోగూడదని రెండు దినాలు ఆలోచన చేస్తినప్పా. పాదం స్వామిదైతే చక్రం మాత్రం ఎవురిది, అదీ ఆయన చేతిలోదే గదా. పాదం ఉంటే మళ్ళా మనసు ఆడికే లాగుతాదని, నెట్ సెంటరు మురళిని పిలిపించి పాదాన్ని మిషన్లోంచే పీకించేస్తిని."