పొగ రాని రోజు

రంగుల అద్దకం కార్ఖానా చిమ్నీ పైన ఆకాశం ఆ పూట కడిగిన పళ్ళెంలా ఉంది.

కింద బాయిలర్ ముందు బాబాయ్ నిలబడి ఉన్నాడు. చేతిలో బొగ్గు పార, ముఖమంతా మసి, ఆ మసి మధ్య ఇంత నవ్వు.

"పైకి చూడవే! పొగ కనపడుతోందా?"

లేదు. అన్న కూతురు లేదనే చెప్పింది.

"పొద్దుట్నుంచి పారలో సగమే తీసి పల్చగా చల్లుతున్నా. నడుం పడిపోయిందనుకో. నీ లెక్క కోసం ఆ మాత్రం చెయ్యనా?"

ఆ లెక్కే ఆమె ఉద్యోగం. ఏ ఇంధనం కాలిస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుందో అంచనా కట్టాలి. బొగ్గు, గ్యాస్, రెండింట్లో ఏది తక్కువ తేలితే ఆ బాయిలరే ఉంటుందని యజమాని ముందే చెప్పాడు.

గ్యాస్ బాయిలర్‌కు పార అక్కర్లేదు. పార పట్టే మనిషీ అక్కర్లేదు.

ఆమెను ఇక్కడ పనిలో పెట్టుకోమని ఆ యజమాని చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది ఈ బాబాయే.

పాపం, ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. లెక్కలోంచి బొగ్గులోని తడి తీసేసింది. బూడిదలో కాలకుండా మిగిలిన నలుసుల్నీ తీసేసింది. ఎటు తిప్పి కూడినా బొగ్గుది గ్యాస్‌కు దాదాపు రెట్టింపే. ఆ అంకెను చూస్తే ఏడుపొచ్చింది. అంకెకేం, దానికి చుట్టరికాలు తెలుస్తాయా?

ఇందాకే పైన ఆఫీసుకెళ్ళి చెప్పేసింది. యజమాని ఆమె ఎదుటే గ్యాస్ వాళ్ళకు ఫోన్ చేశాడు.

"బాబాయ్, నేను లెక్కేసేది పొగని కాదు."

"మరి?"

"అది కంటికి కనపడదు. బొగ్గు ఎంత బాగా కాలితే అంత ఎక్కువ వస్తుంది. కిలోకి రెండు కిలోల పైనే."

బాబాయ్ పగలబడి నవ్వాడు.

"కిలో బొగ్గులోంచి రెండు కిలోలా? తూకంలో ఎవరో నీకు టోపీ పెట్టారే పిచ్చిదానా!"

గాల్లోని ఆక్సిజన్ కలిసి బరువు పెరుగుతుందని చెప్పబోయింది. ఆ తర్వాత అసలు సంగతీ చెప్పాలి. మెట్లు దిగుతూ కూడగట్టుకున్న ధైర్యమంతా నీరుగారిపోయింది.

అంతలో తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, అలవాటుగా పార నిండా బొగ్గెత్తాడు.

బాబాయ్ గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్ ఆగు! మా అమ్మాయి మన కోసం అంత తంటాలు పడుతుంటే, అలా కుమ్మరిస్తావేంట్రా?"

పారలో సగం వెనక్కి ఒంపించాడు. ఎలా చల్లాలో చూపించాడు. మళ్ళీ ఓసారి చిమ్నీ వైపు చూసి, తృప్తిగా ఆమె దగ్గరికొచ్చాడు.

"అలా మొహం వేలాడేసుకోకే. రేపట్నుంచి అందరికీ నేర్పించే పూచీ నాది."