కథలో లేనివాడు

పాస్టర్ గారి ఇల్లు నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో ఉంది. చుట్టూ అద్దాల మేడలు లేచాయి కానీ ఆ సందు మాత్రం మారలేదు. షేర్ ఆటో దిగి అక్కడిదాకా నడవడానికే వేణుకు ప్రాణం పోయినంత పనైంది. కాళ్లు వాచిపోయాయి. తాగి తాగి కాలేయం చెడిపోయింది. దవాఖానలో చేతులెత్తేశారు.

పోయేలోగా ఒక్కసారి ఆ ఇంటివాళ్లను చూడాలనుకున్నాడు. ఉండనిస్తారన్న ఆశ లేదు.

తలుపు తీసింది ఆ ఇంటి ఆడపిల్ల, లావణ్య. కాసేపు చూసి గుర్తుపట్టింది. మొహం బిగుసుకుపోయింది.

“ఎందుకొచ్చినవ్?”

“అమ్మను జర చూసి పోత.”

“అమ్మ ఇంకెక్కడిది? పోయిన ఎండాకాలమే పోయింది.”

వేణు గోడ పట్టుకున్నాడు.

“ఆమె కుట్టుమిషిన్ సుత అమ్ముకొని తాగినవ్. మంది ఇండ్లల్ల గిన్నెలు తోమింది. పానం పోయేదాక నీ పేరే తీసింది. అప్పుడు యాడున్నవ్?”



మాటలు విని పాస్టర్ గారు బయటికొచ్చారు. ఆదివారం ఆరాధన ముగించుకుని అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. వేణును చూసి అలాగే నిలబడిపోయారు.

“పంపియ్. వీడు లోపలికొస్తే నేను బయటికి పోత,” అనేసి లావణ్య లోపలికి వెళ్లింది. గది తలుపు దడాలున మూసుకుంది.

వేణు తలదించుకున్నాడు. “పోతున్న. క్షమించమని అడిగే మొహం లేదు నాకు.”

“దేవుడు క్షమిస్తడు,” అన్నారు పాస్టర్ గారు మెల్లగా. “తప్పిపోయిన కొడుకు కథ తెల్వదా? తిరిగొస్తే తండ్రి వెళ్లగొట్టిండా?”

“తెలుసు. గచ్చిబౌలిల ఫుట్‌పాత్ మీద పడి ఉన్నప్పుడు ఎవరో చదివి వినిపించిండ్రు.” వేణు తల అడ్డంగా ఊపాడు. “అండ్ల నాసొంటోడు లేడు.”

మెల్లగా మెట్టు దిగాడు. ఎటు పోవాలో తెలియలేదు. పోవడానికి చోటు కూడా లేదు.

పాస్టర్ గారు చెప్పులైనా వేసుకోకుండా సందులోకి వచ్చి, వేణు రెండు భుజాలూ పట్టుకుని ఆపారు.

“తప్పిపోయిన తండ్రి తిరిగొస్తే కొడుకు తలుపేసుకోవాలని దేవుడు యాడన్న చెప్పిండా, బాపూ?”